పైపూత

అరటిపండు తొక్క నల్లబడాలి, చేత్తో పట్టుకుంటే మెత్తగా జారిపోయేలా ఉండాలి. అప్పుడే చిట్టి దాన్ని పిండిలో వేస్తుంది. పళ్ళకొట్టు ముసలాయన అలాంటివన్నీ ఆమె కోసం ఏరి పక్కన పెడతాడు. "ఎవరూ ముట్టని పళ్ళు నీకే ముద్దొస్తాయేంటమ్మా?" అని ఆయనది ఎప్పుడూ అదే హాస్యం. చిట్టిది ఎప్పుడూ అదే నవ్వు. నలభై దాటినా ఆమె అందరికీ చిట్టే. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చున్నప్పుడు మాత్రం మేడమ్.

తెల్లవారుజామున వంటింట్లో లైటు వేసి, వేడిపాలలో నానిన ఖర్జూరాల గింజలు తీసి, గరిటె వెనకవైపుతో మెదుపుతూ కూర్చుంది. నలక కూడా మిగలకూడదు. తర్వాత పండ్ల గుజ్జు, గిలకొట్టిన గుడ్లు, కాస్త పుల్లటి పెరుగు, ఓట్సు పిండి, గోధుమపిండి, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి. ఆ ఇంట్లో చక్కెర డబ్బా అన్నదే లేదు. కలిపిన పిండిని కవరులోకి నింపి, మూల కత్తిరించి, ఉంగరాల అచ్చులున్న ట్రేలోకి గుండ్రంగా పిండడం అన్నిటికన్నా నాజూకు పని. చెయ్యి ఆగితే ఉంగరం తెగుతుంది. తొందరపడితే మధ్యలో రంధ్రం పూడిపోతుంది. ఆ కాసేపు చిట్టి ఊపిరి కూడా నెమ్మదిగా తీస్తుంది.

ఓవెన్‌లోంచి తీసి, తీగల స్టాండు మీద బోర్లిస్తున్నప్పుడే బావ బండి హారన్ వినబడింది. అక్క మొగుడాయన. హెల్మెట్ తియ్యకుండానే మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

"లోపలికి రండి బావా, టీ పెడతాను."

"వద్దులే చిట్టీ, మీ అక్క గోల పెడుతుంది. షాపు తెరిచే టైముకి అద్దాల బీరువాలో ఇవి లేకపోతే నన్ను కూర్చోబెడుతుంది అందులో."

"ఎలా ఉంటున్నాయంటున్నారు జనం?"

బావ హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాడు. "బ్రహ్మాండం అంటున్నారు. మధ్యాహ్నానికల్లా ఒక్కటి మిగలదు. నీ చేతిలో ఏదో ఉంది."

ఆ మాట చిట్టికి రోజంతా సరిపోతుంది. క్లినిక్‌లో దవడ వాచి వచ్చినవాళ్ళని వరసలో కూర్చోబెడుతున్నా, ఫోన్లో అపాయింట్‌మెంట్లు రాసుకుంటున్నా, ఊరి అవతలి వైపున్న అక్క బేకరీ షాపులో తన డోనట్ల కోసం ఎవరో చెయ్యి చాపుతున్నట్టే ఉంటుంది. తను ఎప్పుడూ చూడలేదు. తనకు సెలవున్న రోజు షాపుకీ సెలవే. కానీ అక్క ఫోన్లో అన్నీ చెబుతుంది. బోర్డు కూడా పెట్టించిందట: "చక్కెర వేయని డోనట్లు. మా చెల్లి చేత్తో, ఇంట్లో చేసినవి."

ఆ రోజు క్లినిక్‌కి బయల్దేరి కింది అంతస్తుకి దిగేసరికి డ్రైవరు ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. సిటీ బస్సు నడుపుతాడాయన. ఈపాటికి డ్యూటీలో ఉండాల్సిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య బీరువాకి తాళం వేస్తోంది. బట్టల బీరువా కాదు, వంటింటి బీరువా.

"ఏంటి వదినా, అన్నయ్య ఇవాళ సెలవా?"

"సెలవా? ఇంట్లో కూర్చోబెట్టారు!" ఆమె తాళంచెవి కొంగుకి ముడేసుకుంది. "డిపోలో రక్తపరీక్ష చేశారు. షుగరు ఆకాశంలో ఉందట. అది దిగేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. అంతమందిని ఎక్కించుకుని తిరిగేవాడు దారిలో కళ్ళు తిరిగి పడిపోతే ఎవరిది పూచీ అని అడిగారట డాక్టరు."

"నేను చెప్పేది విను," అన్నాడు డ్రైవరు. చాలాసార్లు చెప్పి విసిగిపోయినవాడి గొంతు. "నేనేమీ తినలేదు."

"వినండమ్మా వినండి! గాలి పీల్చి పెంచుకున్నాడు షుగరు. అన్నం తగ్గించాను, టీలో తీపి మానిపించాను, నేను కూడా చప్పిడి తిండే తింటున్నాను. ఈయన బయట ఎక్కడో దొంగతిండి తింటున్నాడు. నా తలమీద చెయ్యేసి అబద్ధాలు చెబుతున్నాడు."

"బయట నేను తినేది, మా బస్సు ఆగేచోటున్న వాళ్ళక్క షాపులో, చెల్లెమ్మ డోనట్ ఒక్కటే. పొద్దున ట్రిప్పు అవ్వగానే ఒకటి, సాయంత్రం ఒకటి. అంతే."

చిట్టి గుండె కొంచెం పొంగింది. "అవి తింటే ఏమీ కాదు వదినా. ఖర్జూరం, అరటిపండు తీపి ఉంటుందనుకో, అది కూడా లెక్కేసుకోవాలి. కానీ చక్కెర మాత్రం గింజ కూడా పడదు. నా చేత్తో చేస్తాను కదా."

"అదే కదా! నీ డోనట్ల పేరు చెప్పి షాపులో కూర్చుని ఇంకేవో లాగిస్తున్నాడు. నీకు పుణ్యముంటుంది చిట్టీ, ఒకసారి వెళ్ళి మీ అక్కని కనుక్కో. కేకులు తింటున్నాడో, ఏం తింటున్నాడో నాకు తెలియాలి. ఈ వయసులో ఈయన నాతో అబద్ధమాడాడంటే..."

డ్రైవరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడే కింద ఒక బస్సు వెళ్ళింది. వెళ్ళినంతసేపూ దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

చిట్టికి ఆయన మీద కాస్త కోపమే వచ్చింది. ఇంత మంచి భార్యని పెట్టుకుని ఆ బుద్ధేంటి? తన డోనట్లని అడ్డం పెట్టుకుని!

మర్నాడు క్లినిక్‌లో పెద్ద మిషన్ బాగుచేసేవాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం దాకా రానక్కర్లేదన్నారు డాక్టరు. బావ పెట్టెలు తీసుకుని వెళ్ళిన కాసేపటికి చిట్టి కూడా బస్సెక్కింది. అక్కకి ముందుగా చెప్పలేదు. చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దామనుకుంది. దారిలో అక్కకిష్టమైన తెల్లపూలు కూడా కొంది.

షాపు ముందు జనం బాగానే ఉన్నారు. తన పేరుతో ఉన్న బోర్డు చూసి చిట్టి ఒక్క క్షణం ఆగింది. పేరంటే పేరు కాదు, "మా చెల్లి" అని ఉంది. అదే చాలు. జనాన్ని తోసుకుని వెళ్ళడం ఇష్టంలేక పక్కసందులోంచి వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల ఎత్తు స్టూలు మీద అమ్మ కూర్చుని ఉంది. అక్క దగ్గరే ఉంటుంది అమ్మ. ముందు బల్ల మీద చిట్టి పంపిన పెట్టెలు తెరిచి ఉన్నాయి. పక్కన స్టవ్ మీంచి అప్పుడే దించిన గిన్నె. అందులో తీగలు సాగుతున్న పాకం. అమ్మ చేతిలో చిన్న బ్రష్షు. ఒక్కో డోనట్‌నీ ఎడమ అరచేతిలోకి తీసుకుని, పసిపిల్ల తలకి నూనె రాసినంత ఒద్దికగా పాకం రాస్తోంది. పైన రాసి, పక్కన రాసి, తిప్పి అడుగున కూడా రాసి, చివర్లో తెల్లటి పంచదార పొడి ఉన్న పళ్ళెంలో ఒకసారి దొర్లించి ట్రేలో పెడుతోంది. రాసినవన్నీ దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి. ఇంకా రాయనివి మట్టిరంగులో, ముడతలు పడి, ఎవరివో పాత చెప్పుల్లా కనబడ్డాయి చిట్టికి. అవి తనవి.

"అమ్మా," అంది.

అమ్మ తలెత్తింది. బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. దాని కొసనుంచి ఒక చుక్క సాగి సాగి బల్ల మీద పడింది.

"ఏమ్మా చిట్టీ... ఇవాళ డ్యూటీ లేదా?"

"ఏంటమ్మా అది?"

"ఇదా? ఏం లేదు. మెరుపు కోసం. కొంచెమే."

బల్ల మీద పడ్డ చుక్కని చిట్టి వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. నాలుక మీద తీపి మంటలా తగిలింది. అక్క ఏదో అడగడానికి లోపలికొచ్చి, చెల్లెల్ని చూసి, వెనక్కి తిరిగి ముందుగది తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపు వెయ్యడంలోనే చిట్టికి అంతా తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"గట్టిగా మాట్లాడకు. బయట జనం ఉన్నారు."

"ఎప్పట్నుంచక్కా?"

అక్క ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. తుడవాల్సిందేమీ లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. "మొదటి వారం అయ్యాక. నువ్వు పంపినవి పంపినట్టే మిగిలిపోయాయే చిట్టీ. కొన్నవాళ్ళు కూడా సగం కొరికి బల్లమీద వదిలేసి వెళ్ళారు. సాయంత్రం చెత్తబుట్టలో పోస్తుంటే నాకు చేతులు రాలేదు. అప్పుడే నువ్వు ఫోన్ చేశావు, ఎలా పోయాయక్కా అని. నీ గొంతులో ఆ సంతోషం... ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పమంటాను."

"చెప్తే ఏం చేసేదానివి? మానేసేదానివి. మళ్ళీ ఆ గదిలో ఒక్కదానివీ గోడ చూస్తూ కూర్చునేదానివి."

"అందుకని పాకం పూశావా?"

అక్క ఒకసారి అమ్మ వైపు చూసింది. చూపు వెంటనే తిప్పేసుకుంది గానీ చిట్టి కనిపెట్టింది.

"నేనే చెప్పాను," అంది అమ్మ, బ్రష్షుని గిన్నె అంచుకి ఆనించి. "నీ కష్టం చెత్తలో పోతుంటే చూడలేకపోయాను. కాస్త పైన తీపి తగిలితే లోపలిది కూడా తింటారు కదా అనిపించింది. తిన్నారు కూడా. తప్పేముంది?"

"తప్పేముందా? బోర్డు మీద ఏమని రాసుంది? మా కింద డ్రైవరు..." చిట్టి ఒక పెట్టెని తన వైపు లాక్కుంది. "మీ షాపుకి రోజూ వస్తాడే, ఖాకీ చొక్కా ఆయన. షుగరు పేషెంటు. ఉద్యోగంలోంచి ఇంట్లో కూర్చోబెట్టారు ఆయన్ని. పెళ్ళాం దొంగతిండి తిన్నావని వంటింటి బీరువాకి తాళం వేస్తోంది. ఆయన ఏం తిన్నాడో కనుక్కుని రా అని నన్ను పంపింది. నేను కూడా ఆయన్నే అనుమానించానక్కా!"

అక్క మొహం పాలిపోయింది. స్టూలు కోసం వెతికి, లేకపోవడంతో పిండి బస్తా మీద కూలబడింది. "నాకు తెలియదు. ఆయనకి షుగరని నాకు తెలియదు చిట్టీ, ఒట్టు. లావు తగ్గాలని తినేవాళ్ళు అనుకున్నాను."

"బోర్డు చూసి ఎవరొస్తారనుకున్నావు?"

ముందుగదిలో ఎవరో గంట కొట్టారు. అక్క లేవలేదు. చివరికి ఆమే, లెక్క కుదిర్చే గొంతుతో అంది: "సరే. అయిందేదో అయింది. రేపట్నుంచి ఆయనకి రెండు విడిగా తీసి పెడతాను, ఏమీ రాయకుండా. షుగరు దానంతటదే దిగుతుంది. ఆయన ఉద్యోగం ఆయనకి వస్తుంది. నువ్వు మాత్రం బయట అనకు. నలుగురి నోట్లో పడితే షాపు మూసుకోవాలి. నీ అక్కని కదా?"

చిట్టి చేతిలో పూలు ఇంకా ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల చివర, పాకం తగలని చోట పెట్టి వచ్చేసింది. వెనక నుంచి అమ్మ "తిని వెళ్ళవే, ఎండలో వచ్చావు" అంటోంది.

ఆ సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే డ్రైవరు ఇంట్లోంచి మాటలు వినబడ్డాయి. భార్య ఆయన చొక్కా జేబులు తిరగేస్తున్నట్టుంది. "వాసన చూసుకో. ఇంకా కావాలంటే నన్నే తిరగేసి దులుపు," అంటున్నాడాయన. అది పరిహాసంగా అన్న మాటే. నవ్వు మాత్రం రాలేదు ఇద్దరికీ.

చిట్టి ఆ గుమ్మం ముందు ఆగింది. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. అక్క మొహం గుర్తొచ్చింది, పిండి బస్తా మీద కూలబడ్డ అక్క. రెండు విడిగా తీసి పెడతానంది. అక్క అన్న మాట నిలబెట్టుకుంటుంది కూడా. షుగరు దిగుతుంది. అప్పుడు వదిన ఏమంటుంది? చూశావా, తాళం వేశాక దిగింది, దొంగతిండి మానాక దిగింది అంటుంది. ఆయన బతికినన్నాళ్ళూ ఆ ఇంట్లో అబద్ధాలకోరుగానే బతుకుతాడు.

చెయ్యి దించి పైకి వెళ్ళిపోయింది. వెళ్ళిందే గానీ కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. "నీ చేతిలో ఏదో ఉంది" అన్న బావ, హెల్మెట్ తియ్యని బావ. మొహం కనబడకుండా ఉండడానికే తియ్యలేదేమో. ఫోన్లో అక్క చెప్పిన ప్రతి పొగడ్తా ఒక్కొక్కటే గుర్తొచ్చి ఒళ్ళంతా జిగటగా అనిపించింది. చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

పొద్దున మామూలుగానే లేచింది. చేతులు వాటంతటవే ఖర్జూరాలు మెదిపాయి, పిండి కలిపాయి. చేసింది ఒక్క ట్రే మాత్రమే. బావ వచ్చేసరికి వాటిని మూత ఉన్న డబ్బాలో సర్దుతోంది.

"ఇవాళ్టి నుంచి లేవు బావా."

ఆయన ఈసారి హెల్మెట్ తీశాడు. జుట్టు చెమటతో అంటుకుపోయి ఉంది. "మీ అక్క రాత్రంతా ఏడ్చింది."

"మీకూ తెలుసు కదా?"

"నేను మోసేవాణ్ణి చిట్టీ. పెట్టెలు ఇక్కడ తీసుకుంటాను, అక్కడ దించుతాను."

"రోజూ గుమ్మంలో నిలబడి బ్రహ్మాండం అన్నది ఎవరు?"

బావ హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చిట్టి డబ్బా పట్టుకుని కిందికి దిగింది.

భార్యాభర్తలిద్దరూ బల్ల దగ్గర ఉన్నారు. చిట్టి కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"వదినా, కనుక్కుని రమ్మన్నావు కదా. కనుక్కున్నాను. అన్నయ్య అబద్ధం చెప్పలేదు. ఆయన తిన్నవి నా డోనట్లే. వాటికి మా అక్క షాపులో చక్కెర పాకం పూస్తున్నారు. మొదటి వారం తర్వాత నుంచీ. నాకు నిన్ననే తెలిసింది. నిన్న సాయంత్రమే చెప్పాల్సింది, మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాను."

వదిన మొగుడి వైపు తిరిగింది. ఆయన చొక్కా కాలరు మడత పడి ఉంటే దాన్ని సరిచేసింది. సరిచేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

డ్రైవరు "చూశావా" అంటాడనుకుంది చిట్టి. అనలేదు. గెలిచినట్టు కూడా లేడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఆ పైతీపి కూడా ఖర్జూరానిదే అనుకున్నాను చెల్లెమ్మా. నాకే నా మీద అనుమానం వచ్చింది," అన్నాడు. "అందరూ అంటుంటే, నాకు తెలియకుండా నేనే ఏమైనా తింటున్నానా అని. మతి పోతోందేమోనని భయమేసింది."

చిట్టికి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ రాలేదు.

"మా డిపో డాక్టరు ముందు ఈ మాట చెబుతావా?" అని అడిగాడాయన. "నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

"పదండి," అంది చిట్టి.

డిపో డాక్టరు గది ఇనుప కప్పు కింద చిన్న అర. బయట బస్సులు రివర్స్ చేస్తున్న చప్పుడు. డాక్టరు కుర్రవాడే, కానీ ఓపికగా విన్నాడు. విని, "షాపు ఎవరిది?" అని అడిగాడు.

చిట్టి బయటికి చూసింది. కిటికీలోంచి వదిన కనబడుతోంది, బయట బెంచీ మీద డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

"మా అక్కది," అంది.

డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. పరీక్షలో వచ్చింది వచ్చిందే, అది దిగేదాకా బస్సు ఇవ్వలేనన్నాడు. కానీ మాట వినని పేషెంటు అని ముందు తను రాసింది కొట్టేసి, ఎందుకు పెరిగిందో పక్కన రాశాడు. ఇలాంటివి తినేవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో, తినుబండారాల తనిఖీ ఆఫీసుకి తను కబురు పెట్టక తప్పదని కూడా చెప్పాడు. చిట్టి తల ఊపింది.

బయటికొచ్చి ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. వదిన డబ్బా మూత తీసింది. "ఇవి...?"

"పూత లేనివి. పొద్దున చేశాను. ఒకటి తినొచ్చు."

డ్రైవరు ఒకటి తీసుకుని కొరికాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. గుటక వేసి, నీళ్ళ సీసా అందుకున్నాడు. ఇంకో కొరుకు కొరికి, మిగిలింది చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"నిజం చెప్పండి అన్నయ్యా."

"ఏమీ అనుకోకు చెల్లెమ్మా. పొడిపొడిగా ఉంది. గొంతు దిగడం లేదు." ఆగి, మళ్ళీ అన్నాడు: "వాసన బాగుంది."

వదిన ఆయన మోచేతిని పొడిచింది. పొడిచి, తనూ ఒక ముక్క నోట్లో వేసుకుని నీళ్ళ సీసా అందుకుంది.

చిట్టి ఒకటి తీసుకుని తిన్నది. ఇన్నాళ్ళూ తను వీటిని రుచి చూడలేదని కాదు. నిలబడి, పనిలో, ఓవెన్ వేడి మీద, తనవన్న సంబరంతో తిన్నది. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని, పరాయిదానిలా తిన్నది. ఓట్సు పిండి ఎక్కువైంది. నోట్లో తడి అంతా పీల్చేస్తోంది. ఖర్జూరం తీపి ఎక్కడో లోపల నక్కి ఉంది, పైకి రావడం లేదు. ఆపిల్ ఉడికించి కలిపితే మెత్తబడుతుందేమో. పిండి కాస్త తగ్గించి, పెరుగు పెంచాలేమో. ఈ మాట ఇన్ని నెలల కిందటే వినాల్సింది. తన వాళ్ళ నోటి నుంచే వినాల్సింది.

ఫోన్ మోగింది. అమ్మ. పొద్దున్నుంచీ మోగుతూనే ఉంది. ఈసారి తీసింది.

"చిట్టీ, బావ ఖాళీ చేతులతో వచ్చాడు. బీరువా బోసిగా ఉంది. అక్క మంచం దిగడం లేదు. వచ్చినవాళ్ళు అడుగుతుంటే ఏం చెప్పాలే నేను?"

"బోర్డు తీసెయ్ అమ్మా. చక్కెర పూశామని చెప్పు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ."

అటువైపు షాపు తలుపు గంట సన్నగా మోగడం వినబడింది.

"అమ్మా, అవి బాగాలేవని నాతో ఎందుకు చెప్పలేదు?"

"నొచ్చుకుంటావని," అంది అమ్మ, చాలా చిన్న గొంతుతో.

"నొచ్చుకునేదాన్నే," అంది చిట్టి. "నొచ్చుకుని, మళ్ళీ చేసేదాన్ని."